నాన్నగారి పాఠాలు, పైథాన్ లెక్కలు

ప్రశ్న: మా నాన్నగారు జడ్పీ హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. 2020 లాక్‌డౌన్‌లో యూట్యూబ్ చానల్ మొదలుపెట్టి, పదో తరగతి పిల్లల కోసం ఛందస్సు, సంధులు, సమాసాలు, అలంకారాలు చెబుతున్నారు. ఇప్పటికి 412 వీడియోలయ్యాయి. వీడియో పెట్టే రోజు తెల్లవారుజామున నాలుగింటికే లేచి, అయిదుకల్లా అప్‌లోడ్ చేసేస్తారు. నేను బీటెక్ ఫైనలియర్. యూట్యూబ్ డేటా ఏపీఐతో (యూట్యూబ్ వివరాలను ప్రోగ్రాముకు అందించే ఏర్పాటు) చానల్ మొత్తాన్నీ పైథాన్‌లోకి తెచ్చి, పాండాస్‌తో (పట్టికల లెక్కలు చేసే పైథాన్ పనిముట్టు) లెక్కలు తీశాను. మూడు సంగతులు తేలాయి. ఆదివారం పెట్టిన వీడియోలకు సగటు వ్యూస్ ఎక్కువ. షార్ట్స్‌కు, అందులోనూ 2025 ఏప్రిల్ తర్వాత పెట్టినవాటికి, ఇంకా ఎక్కువ. పాతవాటితో పోలిస్తే ఈ మధ్య పెట్టిన పెద్ద పాఠాలకు బాగా తక్కువ. అందుకని ఆదివారాలే పెట్టమని, పదిహేను నిమిషాల పాఠాలు మానేసి షార్ట్స్ చేయమని నాన్నగారికి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. కానీ రెండు వారాలుగా బోర్డు ముందుకు వెళ్లడం లేదు. నా లెక్క తప్పా? పైగా కోడ్‌ను పది, పదకొండు సార్లు నడిపేసరికి ఆ రోజుకు వాడుకోగల కోటా అయిపోయిందని ఎర్రర్ వస్తోంది.
– జగిత్యాల జిల్లా నుంచి ఒక పాఠకురాలు

సమాధానం:

మీ లెక్క తప్పే. మూడు ఫలితాల్లో ఒక్కటి కూడా నిలబడదు. ముందే ఇంత సూటిగా చెప్పడానికి కారణం ఉంది. మీరు పంపిన ఫలితాలను బట్టి ఒక మాస్టారు పాఠం చెప్పడం ఆపేశారు. కాబట్టి ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

మొదట ఆదివారం. దీనికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. నాన్నగారు తెల్లవారుజామున అయిదు లోపే అప్‌లోడ్ చేస్తారన్నారు. డేటా ఏపీఐ ఇచ్చే ప్రచురణ సమయాన్ని ఒకసారి తెరిచి చూడండి, చివర జెడ్ అనే అక్షరం ఉంటుంది. అంటే అది మన సమయం కాదు, యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. మనం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటాం. సోమవారం తెల్లవారుజామున అయిదింటికి పెట్టిన వీడియో యూటీసీలో ఆదివారం రాత్రి 11.30కి పెట్టినట్టు నమోదవుతుంది. మీరు ఆ తేదీ నుంచి నేరుగా వారం పేరు తీసుకున్నారు. అందువల్ల మీ చార్టులో ఆదివారం అని ఉన్నది జగిత్యాలలో సోమవారం. అదొక్కటే కాదు, మిగతా వారాలన్నీ ఒక్కో రోజు వెనక్కి జరిగాయి. పద్యానికి గణవిభజన చేసేటప్పుడు మొదటి అక్షరాన్ని వదిలేసి మొదలుపెడితే చివరి గణం దాకా ఎలా చెదిరిపోతుందో, ఇదీ అలాగే. ఈ పోలిక నాన్నగారికి చెప్పండి, మీ పొరపాటు ఏమిటో ఆయనకు వెంటనే తెలుస్తుంది.

సరిచేయడం ఒక్క వరుస పని. ఆ నిలువు వరుసను పాండాస్‌లో తేదీగా మార్చేటప్పుడు అది యూటీసీ అని చెప్పి, తర్వాత ఆసియా-కోల్‌కతా టైమ్‌జోన్‌కు మార్చి, ఆ తర్వాతే వారం పేరు తీయండి.

అయితే ఇప్పుడు సోమవారమే మంచి రోజని నాన్నగారికి చెప్పేయకండి. ఏ వారానికి ఎన్ని వీడియోలున్నాయో ముందు లెక్కపెట్టండి. ఒక వారానికి ముప్ఫయ్యో నలభయ్యో వీడియోలుండి, అందులో ఒకటి లక్షల్లో వెళ్లి ఉంటే ఆ వారం సగటు మొత్తం దాని భుజాల మీదే నిలబడుతుంది. ఇలాంటి చానళ్లలో వ్యూస్ ఎప్పుడూ సమానంగా పంచుకుని ఉండవు. రెండు మూడు వీడియోలు ఆకాశంలో, మిగతావన్నీ నేల మీద. అందుకే సగటు కాకుండా మధ్యగతం చూడాలి, అంటే వ్యూస్ ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న వీడియో. సగటు, మధ్యగతం రెండూ పక్కపక్కనే వేయండి. రెంటి మధ్య దూరం ఎక్కువగా ఉన్న వారంలో ఒక పెద్ద వీడియో దాక్కుని ఉంటుంది. ఆ వీడియో ఏదో పేరు చూడండి. అది ఆడింది వారం వల్ల కాదు, అందులో చెప్పిన పాఠం వల్ల అనిపించే అవకాశమే ఎక్కువ.

ఇక్కడే ఇంకో చిన్న గొయ్యి ఉంది. ఏపీఐ నుంచి వ్యూస్ సంఖ్య సంఖ్యగా రాదు, అక్షరాల రూపంలో వస్తుంది. మార్చకుండా పెద్దవాటి నుంచి చిన్నవాటికి పేరిస్తే 99 అనేది 1000 కంటే పైన కూర్చుంటుంది. సగటు తీయగలిగారు కాబట్టి మీరు మార్చే ఉంటారు. అయినా ఒకసారి సరిచూసుకోండి.

ఇక మూడో ఫలితం, ఈ మధ్య పెద్ద పాఠాలకు వ్యూస్ తగ్గాయన్నది. నాన్నగారి మనసుకు తగిలింది ఇదేనని నా అనుమానం. ఆరేళ్ల అనుభవం తర్వాత తన పాఠం బాగుండటం లేదని కూతురు కంప్యూటర్‌లో లెక్కగట్టి చెప్పింది. కానీ డేటా ఏపీఐ ఇచ్చేది ఆ వీడియో పుట్టినప్పటి నుంచి ఇవాళ్టి దాకా వచ్చిన మొత్తం వ్యూస్. 2021లో పెట్టిన ‘గుణసంధి’ పాఠానికి ఎన్నో పరీక్షల సీజన్లు దొరికాయి. మొన్న పెట్టినదానికి ఒక్కటి కూడా దొరికి ఉండకపోవచ్చు. తాతనూ మనవణ్నీ పక్కపక్కన నిలబెట్టి, ఎవరు ఎక్కువ దూరం నడిచారని అడిగినట్టుంది ఇది.

సమానమైన వయసులో పోల్చాలి. ప్రతి వీడియోకూ మొదటి 28 రోజుల్లో ఎన్ని వ్యూస్ వచ్చాయి, ఎన్ని నిమిషాలు చూశారు? ఈ లెక్క డేటా ఏపీఐలో దొరకదు. దానికి యూట్యూబ్ అనలిటిక్స్ ఏపీఐ వేరే ఉంది. అది చానల్ యజమాని అనుమతి లేకుండా ఒక్క అంకె కూడా ఇవ్వదు. అంటే నాన్నగారు తన గూగుల్ ఖాతాతో లాగిన్ అయి, మీ ప్రోగ్రాముకు సమ్మతి తెలపాలి. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోకుండా ఈ పని జరగదు. నాకైతే అది మంచి సంగతే అనిపిస్తోంది. గూగుల్ క్లౌడ్‌లో మీ ప్రాజెక్టు టెస్టింగ్ దశలో ఉంటుంది కాబట్టి ఆయన ఈమెయిల్‌ను టెస్ట్ యూజర్‌గా చేర్చండి. ఆ దశలో ఒకసారి ఇచ్చిన అనుమతి ఏడు రోజులకు చెల్లిపోతుంది. వారం తర్వాత ఎర్రర్ వస్తే కంగారు పడకుండా మళ్లీ లాగిన్ చేయించండి. చదవడానికి మాత్రమే పనికొచ్చే అనుమతి అడగండి, చానల్‌ను మార్చే అనుమతి మీకు అవసరం లేదు. ఆ కీలూ టోకెన్లూ ఉన్న ఫైలును గిట్‌హబ్‌లో పెట్టకండి.

అనుమతి వచ్చాక ఒక్కో వీడియోకు రోజువారీ వ్యూస్, చూసిన నిమిషాలు అడిగి, మొదటి 28 రోజులు కూడండి. ఇక్కడ మళ్లీ గడియారం తిరకాసు ఉంది, ఈసారి ఇంకో దేశానిది. అనలిటిక్స్‌లో రోజు అంటే అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం రోజు. నాన్నగారు పదో తేదీ ఉదయం అయిదింటికి పెట్టిన వీడియో అక్కడ తొమ్మిదో తేదీ మధ్యాహ్నం మూడున్నరకో (చలికాలం), నాలుగున్నరకో (వేసవి) పెట్టినట్టు. మన పదో తేదీ నుంచి లెక్క మొదలుపెడితే తొలి గంటల వ్యూస్ పోతాయి. ఒక రోజు ముందు నుంచి అడగండి. చివరి రెండు మూడు రోజుల అంకెలు ఇంకా పూర్తిగా చేరి ఉండవు కాబట్టి వాటిని వదిలేయండి.

28 రోజుల లెక్క కూడా మీ చానల్‌కు సరిపోదు. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మామూలుగా దొరికే పైథాన్ పాఠాల్లో ఇది ఉండదు. మీ నాన్నగారి ప్రేక్షకులు పదో తరగతి పిల్లలు. వాళ్ల ఏడాది జనవరిలో మొదలవదు, పరీక్షల టైమ్‌టేబుల్ చుట్టూ తిరుగుతుంది. జూన్‌లో పెట్టిన పాఠానికి మొదటి 28 రోజులు నిద్ర. ఫిబ్రవరిలో పెట్టినదానికి మొదటి 28 రోజులు జాతర. కాబట్టి జూన్ పాఠాన్ని ఇంకో జూన్ పాఠంతోనే పోల్చాలి.

అలాగని క్యాలెండర్ నెలల్ని గుడ్డిగా పోల్చినా దెబ్బతింటారు. చానల్ మొదలైన కాలం గుర్తు చేసుకోండి. కోవిడ్ వల్ల 2021లో రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. 2022లో తెలంగాణలో పరీక్షలు మే 23న మొదలయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 27న. 2023లో రెండు చోట్లా ఏప్రిల్ 3న. 2024లో రెండు చోట్లా మార్చి 18న. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 17, తెలంగాణలో మార్చి 21. ఈ తేదీలు పక్కన పెట్టుకోకుండా ఏటా మేలో వచ్చిన వ్యూస్ గ్రాఫు గీస్తే, 2022 మే ఒక కొండలా, ఆ తర్వాతి మే నెలలన్నీ లోయల్లా కనిపిస్తాయి. పాఠం అదే, చెప్పే మాస్టారూ ఆయనే. మారింది పరీక్ష తేదీ.

అందుకే మీ టేబుల్లో ఒక కొత్త నిలువు వరుస చేర్చండి: పరీక్షకు ఇంకా ఎన్ని రోజులు. ఆ విద్యా సంవత్సరం పరీక్ష మొదలయ్యే తేదీ నుంచి ప్రతి తేదీనీ తీసేస్తే చాలు. అడ్డంగా ఉండే గీత మీద తేదీ బదులు ఈ అంకె వేసి, ఒక్కో ఏడాదికి ఒక్కో గీత గీయండి. పరీక్షల్లో మొదటి రోజే మొదటి భాష పేపరు ఉంటుంది కదా, అందుకని తెలుగు పాఠాల గీత ఆ ముందు రోజుకు శిఖరం చేరి, మర్నాటికి కూలిపోయి ఉంటుందని నా ఊహ. గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడితే నాన్నగారి పాఠం ఏమీ తగ్గలేదని అర్థం. ఈ ఏడాది గీత నిజంగా కిందికి ఉంటే అప్పుడు కారణం వెతకండి. అక్కడి దాకా వెళ్లకుండా తగ్గింది అన్న మాట వాడకూడదు.

షార్ట్స్ సంగతికి వద్దాం. మీరు 2025 ఏప్రిల్ అని రాయగానే నాకు అర్థమైంది. 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌కు వ్యూ లెక్కపెట్టే పద్ధతి మార్చేసింది. అంతకుముందు కాసేపు చూస్తేనే వ్యూ. ఆ రోజు నుంచి షార్ట్ ఆడటం మొదలైతే చాలు, తిరిగి మొదటి నుంచి ఆడినా ఇంకో వ్యూ. బొటనవేలితో పైకి తోసేసిన పిల్లవాడూ ప్రేక్షకుడి కిందే లెక్క. కొలబద్ద పొట్టిదైంది, పంట పెరగలేదు. పాత పద్ధతి లెక్కను ‘ఎంగేజ్డ్ వ్యూస్’ పేరుతో అనలిటిక్స్‌లో ఇంకా ఇస్తున్నారు. మార్చి 31కి ముందూ తర్వాతా పోల్చాలంటే అదే వాడండి.

నిమిషంలోపు ఉన్నవన్నీ షార్ట్స్ అనుకుని మీరు విడదీసి ఉంటే అదీ సరికాదు. 2024 అక్టోబర్ 15 నుంచి నిలువుగా తీసిన మూడు నిమిషాల దాకా వీడియోలు షార్ట్స్ కిందికి వస్తున్నాయి. వీడియో ఏ రకమో అనలిటిక్స్ ఏపీఐ తనే చెబుతుంది. నిడివిని బట్టి మీరు ఊహించకండి.

అసలు పాఠానికీ షార్ట్‌కీ వ్యూస్‌తో పోటీ పెట్టడమే నాకు నచ్చలేదు. ఉదాహరణకు ఒక షార్ట్‌ను వెయ్యిమంది ఇరవై సెకన్ల చొప్పున చూశారనుకోండి, మొత్తం అయిదున్నర గంటలు. ఒక పాఠాన్ని మూడు వందల మంది ఆరు నిమిషాల చొప్పున చూస్తే ముప్ఫయి గంటలు. మీ చార్టులో గెలిచింది మొదటిది. చదువు జరిగింది రెండోదాని దగ్గర. ఆదాయం కోణంలో చూసినా, పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌కు కావాల్సిన వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ అన్న లెక్కలో షార్ట్స్ ఫీడ్‌లో చూసిన గంటలు కలవవు. షార్ట్స్ దారిన వెళ్లాలంటే 90 రోజుల్లో కోటి వ్యూస్ కావాలి. ఛందస్సు చెప్పే మాస్టారిని ఆ దారిలో పరిగెత్తించడం అన్యాయం. షార్ట్స్ అసలు వద్దని కాదు. పాఠంలోంచి ఒక ముక్క తీసి, పూర్తి పాఠానికి దారి చూపించడానికి పనికొస్తాయి. పాఠం బదులుగా మాత్రం కాదు.

కోటా గొడవ తేలిక. మీరు చానల్లోని వీడియోల కోసం సెర్చ్ పిలుపు వాడుతున్నారనుకుంటాను. దానికి ఒక్కో పేజీకి 100 యూనిట్లు, రోజుకు మామూలుగా దొరికేవి 10,000. పేజీకి 50 చొప్పున 412 వీడియోలకు తొమ్మిది పేజీలు, అంటే ఒక్కసారి నడిపితే 900. పదకొండు సార్లకు ఖాళీ, సరిగ్గా మీకు జరిగింది. బదులుగా చానల్ వివరాల్లోంచి అప్‌లోడ్స్ ప్లేలిస్ట్ ఐడీ తీసుకుని ఆ ప్లేలిస్ట్ చదవండి. పేజీకి ఒక్క యూనిట్. వీడియోల గణాంకాలకు యాభై యాభై ఐడీలు కలిపి అడగండి, అదీ ఒక్కోసారికి ఒక్క యూనిట్. మొత్తం పందొమ్మిదితో పని అయిపోతుంది. వచ్చినదాన్ని ఫైల్లో దాచుకుని, లెక్కలన్నీ ఆ ఫైలు మీద చేయండి. చార్టు రంగు మార్చిన ప్రతిసారీ యూట్యూబ్‌ను అడగక్కర్లేదు. కోటా మళ్లీ నిండేది పసిఫిక్ అర్ధరాత్రికి, మనకు మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర.

కోడ్ లేకుండానూ కొంత దూరం వెళ్లొచ్చు. యూట్యూబ్ స్టూడియోలో అడ్వాన్స్‌డ్ మోడ్ తెరిచి వీడియోల పట్టికను సీఎస్‌వీగా దించుకోండి. అందులో 500 వరుసల దాకా వస్తాయి, మీ 412 పడతాయి. మొదటి వరుసలో టోటల్ ఉంటుంది, తీసేయడం మర్చిపోతే సగటు పాడవుతుంది. థంబ్‌నెయిల్ ఎన్నిసార్లు కనిపించింది, అందులో ఎంత శాతం సార్లు నొక్కారు అన్నవీ అందులోనే దొరుకుతాయి. ఆ శాతం నాలుగో అయిదో ఉంటే దిగులు పడకండి. సగం చానళ్లకు రెండు నుంచి పది శాతం మధ్యే ఉంటుందని యూట్యూబే చెబుతుంది.

తెలుగు టైటిళ్లతో రెండు చిక్కులు వస్తాయి. పాండాస్ నుంచి దాచిన సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు స్థానంలో పిచ్చి గుర్తులు రావచ్చు. దాచేటప్పుడు ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్-8-సిగ్ ఇవ్వండి. పైథాన్‌లో చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో తెలుగు డబ్బాల్లా వస్తుంది. నోటో సాన్స్ తెలుగు ఫాంటు ఇస్తే అక్షరాలు కనిపిస్తాయి కానీ ఒత్తులు విడిపోయి పడొచ్చు. ‘ఛందస్సు’లో స-వత్తు ఊడిపోయిన చార్టును తెలుగు పండితుడికి చూపించకూడదు. బ్రౌజర్లో గీసే ప్లాట్లీ వాడండి, ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి.

ఇన్ని తప్పులు చెప్పాను కదా, ఇప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటి చెబుతాను. పిల్లలు నాన్నగారి పాఠాన్ని ఏ మాటతో వెతుక్కుంటూ వస్తున్నారు? అనలిటిక్స్ ఏపీఐలో యూట్యూబ్ సెర్చ్ నుంచి వచ్చినవాళ్లు టైపు చేసిన మాటలు అడగొచ్చు. ఒక్కసారికి 25 వరకే ఇస్తుంది, కాబట్టి నెల నెలకూ వేరుగా అడగండి. పిల్లలు ‘ఉత్పలమాల గణాలు’ అని తెలుగు లిపిలో కొడుతున్నారా, ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతున్నారా? ‘ఉత్పలమాల’ అంటున్నారా, ‘టెన్త్ తెలుగు గ్రామర్’ అంటున్నారా? నాన్నగారు టైటిల్‌ను పూర్తిగా తెలుగు లిపిలో, పుస్తకంలో అధ్యాయం పేరులా పెట్టి ఉంటారని నా ఊహ. పిల్లల మాట అందులో లేకపోతే పక్కన చేర్చండి. పాఠంలో ఒక్క వాక్యం మార్చకుండా చేయగలిగిన సాయం ఇది. వెతికిన మాటల్లో నాన్నగారు ఇంకా చెప్పని పాఠం ఏదైనా కనిపిస్తే, తర్వాతి వీడియోకు అంశం దొరికినట్టే.

ఇక ఆయన మౌనం. పండిత ఉద్యోగం చేసినవాళ్లు పిల్లల ముఖాలు చూస్తూ పాఠం చెప్పినవాళ్లు. ఎక్కడ కళ్లు మెరిశాయి, ఎక్కడ ఆవలింత వచ్చింది అన్నది చూసి అక్కడికక్కడే మార్చుకుంటారు. కెమెరా ముందు ఆ ముఖాలు లేవు. మీరు ఇచ్చిన మూడు అంకెల్లోనూ ముఖాలు లేవు. కానీ ఆ ముఖాలకు దగ్గరగా వచ్చే ఒక లెక్క ఉంది. అనలిటిక్స్ ఏపీఐని ఒక్క వీడియో పేరు చెప్పి, ఎక్కడెక్కడ ఎంతమంది చూస్తున్నారని అడిగితే, ఆ వీడియోను వంద ముక్కలు చేసి ముక్క ముక్కకూ ఒక నిష్పత్తి ఇస్తుంది. గీత దిగుతూ పోతుంటే వెళ్లిపోతున్నారని. మధ్యలో ఎక్కడైనా పైకి లేచిందంటే అక్కడ వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారని, లేదా నేరుగా అక్కడికే దూకుతున్నారని.

ఆదివారం చార్టు తప్పని, షార్ట్స్ లెక్క తప్పని, తగ్గిందన్న మాట తొందరపడి అన్నానని ముందు ఆయనకు చెప్పండి. దాన్ని ఫోన్లో మెసేజ్ పెట్టి ముగించకండి, ఎదురుగా కూర్చుని చెప్పండి. తర్వాత ఆయనకు బాగా ఇష్టమైన ఛందస్సు పాఠం ఏదో అడిగి, దాని వంద ముక్కల గీతను ప్లాట్లీలో గీసి తెర మీద పెట్టండి. పక్కనే వీడియో తెరవండి. గీత పైకి లేచిన చోటికి వీడియోను జరిపి, అక్కడ తాను బోర్డు మీద ఏం చేస్తున్నారో ఆయన్నే చూడనివ్వండి. యతిస్థానం చూపిస్తున్నారో, సంయుక్తాక్షరం ముందున్న అక్షరం ఎందుకు గురువైందో చెబుతున్నారో. ఎక్కడో ఒక పిల్లవాడు అర్థం కాక అక్కడ ఆగి, వెనక్కి జరిపి, మళ్లీ విన్నాడు. ఆ చోట ఇంకో ఉదాహరణ ఇవ్వాలా అని నాన్నగారిని అడగండి.